పాత చిత్రములు – నేటి తెర కొలతలు

కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధిపతి శ్రీ ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో ‘మలైక్కళ్ళన్’ అను తమిళ చిత్రమును, అదే కథతో తెలుగున ‘అగ్గిరాముడు’ను నిర్మించి దర్శకత్వము వహించిరి. ఆనాటి మన చిత్రముల వెడల్పు ఎత్తునకు 1.37 రెట్లు, నేటి టెలివిజను తెర వెడల్పు 1.78 రెట్లు. ఈ రెంటిని పొసగించుటకు కూర్పరులకు మూడు మార్గములు కలవు. బొమ్మను సాగదీసినచో ముఖములు అడ్డముగా ఉబ్బును. వెడల్పునకు సరిపెట్టి మీదను క్రిందను కోసినచో ఎత్తులో సుమారు 23 శాతము నశించును. నటుని తలపాగాయో, నర్తకి పాదములో పోవును. ఇరుప్రక్కల నల్లని ఖాళీ విడిచినచో బొమ్మ యథాతథముగా నిలుచును. కోయంబత్తూరు, మధుర తెలుగువారు తమ సభలకై పాత చిత్రములను క్రొత్త దృశ్యములతో కూర్చునపుడు ఈ మూడవదే గ్రాహ్యము. ఆ ఖాళీ లోపము కాదు. పెద్దలు విడిచిన సొత్తునకు హద్దు.