అగస్త్య కొండ దారిలో కాణీల పండు



ఈసారి కేరళలోని కాణీ ఆదివాసుల గురించి రాస్తున్నాం. వాళ్లది తిరువనంతపురం జిల్లా అడవి. అక్కడి అగస్త్యకూటం 1868 మీటర్ల ఎత్తున్న శిఖరం. ఇప్పుడు ఎండాకాలం ముందు అటవీ శాఖ పర్మిట్ తీసుకుని జనం ఆ కొండ ఎక్కుతారు. మొదటి రోజు బోనకాడ్ నుంచి అతిరుమల క్యాంపుకి నడక, రెండో రోజు శిఖరం ఎక్కి దిగడం. వెంట కాణీ గైడ్లు ఉంటారు.

1987 డిసెంబరులో ఆ కొండల్లోకి టూరిస్టులు కాదు, సైంటిస్టులు వెళ్లారు. టీమ్ లీడర్ డాక్టర్ పుష్పాంగదన్. దారి చూపించింది కాణీ యువకులు. కుట్టిమాతన్ కాణీ, మల్లన్ కాణీ వాళ్లలోని వాళ్లే. ఎక్కుతుంటే సార్లకి ఆయాసం వస్తోంది, మనోళ్లకి మాత్రం అలుపే లేదు. మధ్యమధ్యలో ఏవో చిన్న నల్లటి పండ్లు నములుతున్నారు. ఏంటవి అని అడిగితే మొదట చెప్పలేదు. అది బయటవాళ్లకి చెప్పే విషయం కాదు. చాలాసేపు బతిమాలాక మొక్క చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. సైన్సు పుస్తకాల్లో దాని పేరు ట్రైకోపస్ జైలానికస్.

ఆ తర్వాత పాలోడులోని బొటానిక్ గార్డెన్ పరిశోధన సంస్థ ఆ మొక్కకి మరో మూడు మొక్కలు కలిపి 'జీవని' అనే మందు తయారు చేసింది. 1990ల మధ్యలో కోయంబత్తూరు కంపెనీకి తయారీ హక్కు ఇచ్చింది. ఫీజు 10 లక్షలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణీలకి ఇవ్వాలని సంస్థ నిర్ణయించింది. దానికోసం 1997లో కాణీల పేరుతో ట్రస్టు పెట్టారు. ఆదివాసీ జ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీన్ని ప్రపంచమంతా చెప్పుకుంది.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది. కానీ కాణీల్లోనే ప్రశ్నలు లేచాయి. వాళ్లలో మందులు తెలిసిన పెద్దల్ని ప్లాతీలు అంటారు. మా జ్ఞానాన్ని కంపెనీలకి అమ్మొద్దని 1995లోనే కొందరు ప్లాతీలు ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఇంకోపక్క, ఆకు పండించి అమ్ముకుందామంటే అటవీ శాఖ అడ్డు చెప్పింది. అడవిలో మొక్కలు పీకేస్తారని భయం. అంటే జ్ఞానం కాణీలది, మొక్క మాత్రం అటవీ శాఖ చేతిలో.

మాకు అర్థమైంది ఒకటే. డబ్బు ఎంత వచ్చిందన్నది రెండో విషయం. మొదటి విషయం, ఎవర్ని అడిగారు? దారి చూపిన కుర్రాళ్లని అడిగారు. ఆ మొక్క తరతరాలుగా అందరిదీ. అడగాల్సింది ఊరందరినీ.

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రిజిస్టర్‌లో రాయాలి అని ఆ చట్టం చెబుతుంది. మన ఊళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మన వంజంగికీ, మారేడుమిల్లికీ టూరిస్టులు వస్తున్నారు. కొండ చూపిద్దాం, దారి చూపిద్దాం, కూలి గట్టిగా అడుగుదాం. ఆకు గురించి, వేరు గురించి ఎవరైనా అడిగితే మాత్రం "మా గ్రామసభలో అడగండి" అందాం. మా ఇళ్లలో కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందో లేదో అడుగుతాం. మీరూ అడగండి. ఏం చెప్పారో కింద రాయండి.