డబ్బు బిళ్ళ మీది దస్కతు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 1948 సెప్టెంబరు దాకా నిజాం ఏలుబడిలో ఉండేవి. అక్కడి అంగళ్లలో చెల్లిన నాణెం హాలీ సిక్కా. రెండు పైలు ఒక డబ్బు, ఆరు డబ్బులు ఒక అణా. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన 1911 నాటి నుంచి వచ్చిన రెండు పైల కంచు బిళ్ళను చూస్తే, అక్షరాలు ఒకదాని భుజాల మీద ఒకటెక్కి, తోకలు మెలిపెట్టుకుని కనిపిస్తాయి. అదే తుగ్రా: పాలకుడి పేరునో బిరుదునో అల్లికగా మార్చిన దస్కతు. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకూ అది చప్పున కొరుకుడు పడదు. కొరుకుడు పడాలని గీసిందీ కాదు. తుగ్రా చదవడానికి పుట్టలేదు, ఆనవాలు పట్టడానికి పుట్టింది.

ఇందుకు సాక్ష్యం మన దస్తావేజుల్లోనే ఉంది. ఇస్తాంబుల్‌లో సుల్తాను తుగ్రా గీసే అధికారి నిషాంజీ. తుగ్రాకు నిషాన్ అనీ పేరు. చదువురానివాడు బొటనవేలు ఒత్తినచోట మనవాళ్లు రాసే ‘నిశాని’ ఆ మాటకు చుట్టమే. సుల్తాను అల్లికా, రైతు వేలిముద్రా ఒకే మాట కిందికి రావడం వింతేమీ కాదు. రెండూ చెప్పేది ‘ఇది ఫలానావాడిది’ అని మాత్రమే. నాణేల కథా అంతే. 1857 తిరుగుబాటు దాకా హైదరాబాదు నాణెం మొఘల్ పాదుషా పేరుతోనే వచ్చింది. ఆ తర్వాతే ఆసఫ్‌జా బిరుదు దాని మీదికెక్కింది. బిరుదు వంశమంతటిదీ. మరి ఏ నిజాముదో తెలిసేదెలా? ఒక్క అక్షరంతో. చార్మినార్ రూపాయిపై కమాను లోపల మహబూబ్ అలీ ఖాన్‌కు ‘మీమ్’, ఉస్మాన్‌కు ‘ఐన్’. కంచు బిళ్ళ తుగ్రాలోనూ ఆ ‘ఐన్’ ఉంది. సగం ‘ఐన్’ ఉందా, నిండు ‘ఐన్’ ఉందా అని నాణేలు సేకరించేవాళ్లు ఇప్పటికీ వేరుచేసి చూస్తారు.

జనానికి చదువే లేనప్పుడు అల్లిక అయితేనేం, విడి అక్షరాలైతేనేం అనవచ్చు. కానీ 1918 నుంచి వచ్చిన హైదరాబాదు నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లో విలువ రాశారు. చదివించాలనుకున్నచోట సర్కారుకు దారి తెలుసన్నమాట. నోటు ఇచ్చిన మాట, అది అర్థం కావాలి. చేతులు మారే కంచుకు గుర్తుంటే చాలు. (తెలుగు అక్షరాలున్న నోటు కూలివాడి రొంటిన ఎన్నడు చేరిందన్నది వేరే సంగతి.) నాణెం మీది ఈ తుగ్రా అంతా తురుష్క ఖలీఫా ఇంటితో వియ్యమందిన మోజు అనేవారికి తేదీలు అడ్డొస్తాయి. నిజాం కొడుకుల పెళ్లిళ్లు 1931లో జరిగాయి, ఈ బిళ్ళలకు అప్పటికే దాదాపు ఇరవై ఏళ్లు. ఆపైన, 15వ శతాబ్దపు బెంగాల్ సుల్తానుల శాసనాల్లోనే తుగ్రా శైలి బాణాల వరసలా బారులు తీరింది.

అప్పట్లో కోదాడ దాటితే జగ్గయ్యపేట, తెల్లదొరల ఇలాకా, కల్దారు రూపాయి. వంద కల్దార్లకు సుమారు 116 హాలీలు. అటు బిళ్ళ మీద జార్జి తల, ఇటు బిళ్ళ మీద ఐన్.