బెంగుళూరు తెలుగువారి ప్రయాణములు – రెడ్‌బస్ సంస్థ చరిత్ర

ఒక జాతి వలసచరిత్రను తెలిసికొనుటకు శాసనములు, కైఫియతులు మాత్రమే చాలవు. ఆ జనులు పండుగలకు ఏ దారిని స్వగ్రామము చేరుచుండిరో కూడ తెలియవలెను. ఇట్టి విషయములు మన సంఘచరిత్రలలో అరుదుగా కానవచ్చును. కావున బెంగుళూరున పుట్టిన రెడ్‌బస్ సంస్థ వృత్తాంతమును ఇచ్చట సంగ్రహముగా వివరింతును.

ఈ నగరమునకు తెలుగువారి రాక ప్రాచీనమైనదే. అయినను 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా సంస్థ ఇచ్చట కార్యాలయము నెలకొల్పిన పిమ్మట, అట్టి సంస్థలు పెరిగిన కొలది ఇంజనీర్ల వలస అధికమయ్యెను. నిజామాబాదు జిల్లాకు చెందిన శ్రీ ఫణీంద్ర సామ పిలానీ బిర్లా విద్యాసంస్థలో చదివి, ఆ టెక్సాస్ సంస్థలోనే ఉద్యోగము చేయుచుండిరి. 2005 దీపావళికి హైదరాబాదు పోవనెంచి వారు ఏజెంటుల నాశ్రయించిరి గాని టిక్కెట్టు దొరకలేదు. ఇట్టి నిరాశ ఎందఱికో కలిగినదే. శ్రీ సామ మాత్రము అంతటితో ఊరకుండక దానికి గల కారణమును విచారించిరి.

నాటి ప్రైవేటు బస్సుల పద్ధతి ఇట్లుండెను. యజమాని తన సీట్లను కొన్ని కొన్నిగా పలువురు ఏజెంటులకు పంచియిచ్చును. ఏజెంటు టెలిఫోనులో ఖాళీలు విచారించి, కాగితముపై సీటు సంఖ్య వ్రాసి యిచ్చును. అతనికి పరిచయము లేని బస్సు ప్రయాణికునకును లేనట్లే. ఒకచోట సీట్లు లేవన్న రాత్రియే వేఱొక బస్సు ఖాళీ సీట్లతో కదలిపోవచ్చును. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ముందుగా దొరకుట దుర్లభము. కావున కొఱతలో కొంత భాగము సమాచారలోపము వలన కలిగినదే.

ఇతర వాహనముల విషయమున ఈ చిక్కు మునుపే తీరినది. విమానపు సీట్ల లెక్కను కంప్యూటరున చేర్చు సేబర్ వ్యవస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐ.బి.ఎం. సంస్థలు 1964 నాటికి పూర్తిచేసినవి. మన రైలు టిక్కెట్లు 2002 నుండి ఇంటర్నెట్టున లభించుచున్నవి. అయితే రైళ్లన్నిటికి యజమాని ఒక్కటే. ప్రైవేటు బస్సులకో, ఊరూర వేర్వేఱు యజమానులు.

శ్రీ సామ తన మిత్రులైన శ్రీ సుధాకర్ పసుపునూరి, శ్రీ చరణ్ పద్మరాజులతో కలసి 2006 ఆగస్టులో ఈ నగరమున రెడ్‌బస్‌ను స్థాపించిరి. మువ్వురును ఇంజనీర్లే, బస్సు వ్యాపార మెఱుగరు. టై అను వ్యాపారవేత్తల సంఘపు బెంగుళూరు శాఖ వారికి దారి చూపెను. 2007లో సీడ్‌ఫండ్ సంస్థ పెట్టుబడి పెట్టెను. యజమానులు తొలుత వీరి కంప్యూటరు పద్ధతిని స్వీకరింపకపోగా, వీరు తామే టిక్కెట్లు విక్రయించి చూపిరి. అమ్మకము పెరిగిన కొలది నమ్మకమును పెరిగెను. పిమ్మట యజమానులకై బాస్ అను లెక్కల వ్యవస్థయు, ఏజెంటులకై సీట్ సెల్లర్ అను మఱియొక వ్యవస్థయు వెలసినవి. పాతవారిని వెళ్లగొట్టక తమతో కలుపుకొనుట ఇందలి విశేషము.

2013 జూన్‌లో, దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్ పెట్టుబడి గల ఐబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనెను. 2017లో ఐబిబోయు మేక్‌మైట్రిప్‌లో విలీనమయ్యెను. శ్రీ సామ సంస్థను వీడి, 2018లో తెలంగాణ ప్రభుత్వపు ప్రథమ ముఖ్య ఆవిష్కరణాధికారిగా నియుక్తులైరి.

తెలుగువారు స్థాపించిన సంస్థ పరహస్తగతమయ్యెనని కొందఱు చింతింపవచ్చును. పండుగదినములలో ఛార్జీలు మిన్నంటుట నేటికిని మానలేదనుటయు సత్యమే. సీటు ఎచ్చట నున్నదో తెలిసినంతమాత్రమున అది అందఱకు అందుబాటు కాదు. అయినను పరిచయముల పైని, అదృష్టము పైని ఆధారపడిన ప్రయాణమునకు ఒక నిశ్చయము కలిగినది. ఈ సంస్థ చేసిన మేలును అమ్మకపు వెలతో గాక దీనితోనే కొలువవలెను.

భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో తెలుగు బోధించు నావంటి వానికి ఇందు వేఱొక ప్రయోజనము తోచుచున్నది. సంక్రాంతికి తాతగారి యింట పది దినములు గడపిన బాలుడు తెచ్చుకొను పలుకుబడి, ఏడాది పొడుగున మేము నేర్పు పాఠముల కంటె గట్టిగా నిలుచును. ఊరికి దారి మూసికొనిపోయిన యింట భాషయు క్రమముగా సన్నగిల్లును. ఆ దారిని కొంత సుగమము చేసిన ఈ మువ్వురి కృషి బెంగుళూరు తెలుగువారి చరిత్రలో చేర్పదగినది.