డ్రోసెరా అడెలే పెంపకం

డ్రోసెరా అడెలే ఆస్ట్రేలియాలోని ఈశాన్య క్వీన్స్‌లాండ్ వానాడవుల్లో మాత్రమే సహజంగా పెరిగే కీటకాహార మొక్క. వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ వాన్ మ్యూలర్ దీనిని 1864లో వర్ణించాడు. బల్లెం మొనలాంటి పొడుగాటి ఆకుల నిండా ఎర్రటి కేశాలుంటాయి. ప్రతి కేశం కొసనా మంచుబొట్టులా జిగురు మెరుస్తుంటుంది. చిన్న ఈగ వాలి అంటుకుంటే చుట్టుపక్కల కేశాలు మెల్లగా దానివైపు వంగుతాయి. జీర్ణరసాలు ఊరి, చివరికి ఈగ పైతొడుగు ఒక్కటే ఆకుమీద మిగులుతుంది.

నీడకూ తేమకూ అలవాటుపడిన మొక్క కనుక ఇంట్లో గాజుపెట్టె దీనికి బాగా నప్పుతుంది. అడుగున స్ఫాగ్నం నాచు పరిచి ఎప్పుడూ తడిగా ఉంచాలి. ఎరువు వేస్తే వేళ్లు దెబ్బతింటాయి, బోరు నీటిలోని లవణాలూ అంతే. వాన నీరో డిస్టిల్డ్ నీరో పోయాలి. 18–27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, ఎల్‌ఈడీ దీపపు వెలుతురు సరిపోతాయి. నేరుగా ఎండ పడితే మూసిన పెట్టె పొయ్యిలా కాగుతుంది. తెలుగునాట వేసవిలో అసలు చిక్కు ఇదే. జిగురు ఆరిపోవడం తరచుగా గాలిలో తేమ తగ్గిందనడానికి గుర్తు. కొత్తగా తెచ్చిన మొక్కలో మాత్రం కొన్నాళ్లు ఇది మామూలే. మాంసాహారి కదా అని మాంసం ముక్క పెడితే ఆకు కుళ్లిపోతుంది. వేళ్ల నుంచి పిలకలు వేస్తూ ఒక్క మొక్కే గుంపవుతుంది. వేరు ముక్క తుంచి తడి నాచులో పడుకోబెట్టినా చిగురిస్తుంది.