భామ తరవాత గొల్లభామ

జపాన్ యానిమే ‘విన్‌ల్యాండ్ సాగా’ మొదటి సీజన్ 2019లో వచ్చినప్పుడు తెర నిండా కత్తులే. తండ్రిని చంపినవాడి మీద పగతో రగిలిపోయే వైకింగు కుర్రాడి కథ అది. 2023లో రెండో సీజన్ మొదలయ్యేసరికి ఆ కుర్రాడే బానిసై, ఓ ఆసామి పొలంలో చెట్లు నరుకుతూ గోధుమలు పండిస్తూ కనిపించాడు. యుద్ధమేదీ అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. కూచిపూడి ఉన్న పాత దివి తాలూకా వాళ్లకి మాత్రం ఈ వరస కొత్తేమీ కాదు. ఆర్భాటం అయ్యాక ఆలోచన రావడం కూచిపూడి భాగవతులు ఎప్పుడో చూపించారు.

పామర్రు–చల్లపల్లి రోడ్డు మీద ఉంటుంది కూచిపూడి. సిద్ధేంద్రయోగిది 17వ శతాబ్దమని ఎక్కువమంది లెక్క. పొంగే కృష్ణలో మునిగిపోతూ, బతికితే సన్యాసం పుచ్చుకుంటానని మొక్కుకున్నాడని ఊళ్లో చెప్పుకునే కథ. సత్యభామ విరహాన్నీ అలకనీ పట్టుకుని ఆయన భామాకలాపం కట్టాడు. గోల్కొండ తానీషా బందరు వెళ్తూ దారిలో ఆట చూసి, మెచ్చి, ఊరిని అగ్రహారంగా రాసిచ్చాడని కూడా అంటారు.

భామ రావడమే ఒక ఘట్టం. ఇద్దరు తెర పట్టుకుంటారు. కాగడా మీద గుగ్గిలం చల్లితే మంట భగ్గుమంటుంది. ముఖం ఇంకా కనపడదు. ముందు జడ వచ్చి తెర మీద పడుతుంది. నన్ను మించి ఆడగలవాడుంటే వచ్చి ఈ జడ కోసుకోవచ్చని సవాలు. ఆ జడ వేసుకున్నది మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషానికి మారుపేరయ్యాడు. 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఆ భాగవతులదే మరో కలాపం, గొల్లకలాపం, 19వ శతాబ్దిలో పుట్టింది. రాసింది భాగవతుల రామయ్య. ఇందులో అలక లేదు, జడ సవాలు లేదు. నెత్తిన కుండతో ఒక గొల్లభామ వస్తుంది. దారిలో బ్రాహ్మణుడు ఎదురై కులం ఎత్తుతాడు. ఆమె ఆగి, బ్రాహ్మణ్యం అంటే ఏమిటని అడుగుతుంది. తల్లి కడుపులో పిండం ఎలా పడుతుంది, నెలనెలా ఎలా పెరుగుతుంది అని విడమరిచి చెబుతుంది. అందరూ వచ్చేది ఆ దారినే కదా, పుట్టుకలో హెచ్చుతగ్గులెక్కడివి అన్నది ఆమె వాదం. యజ్ఞం తంతు కూడా ఆమే వివరిస్తుంది. ఆట తగ్గి మాట పెరుగుతుంది. పాదం కన్నా చెవికి పని ఎక్కువ.

రాసినవాడు బ్రాహ్మణుడు, ఆడినవాళ్లు అగ్రహారం బ్రాహ్మణులు. చీర కట్టుకుని, కుండ నెత్తిన పెట్టుకుని, తమ పుట్టుక గొప్పనే తాము నిలదీసుకున్నారు. నన్నడిగితే కూచిపూడి చేసిన సాహసాల్లో ఇదే పెద్దది. అటు గోదావరి ప్రాంతంలో కళావంతులు కూడా గొల్లకలాపాన్ని ఆడారు. కానీ ఆ వాదం అగ్రహారీకుల నోటినుంచి వచ్చినప్పుడున్న పదును వేరు.

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక నృత్యనాటకాలకు ఆదరణ పెరిగింది, ఆడపిల్లలు పెద్దసంఖ్యలో నేర్చుకున్నారు. అది మంచిదే. అయితే గంటన్నర కచేరీలో వాదానికి చోటేదీ? భామ ప్రవేశం ఈనాటికీ చప్పట్లు కొట్టిస్తోంది. గొల్లకలాపంలోంచి సాధారణంగా వేదికెక్కేది ప్రవేశ దరువు. కుండ వయ్యారం చూసి జనం లేస్తారు, అసలు ప్రశ్న మొదలవకుండానే.

ఈసారి ఎక్కడైనా కార్యక్రమపత్రంలో గొల్లకలాపం పేరు కనిపిస్తే, నిర్వాహకులను ఒక మాట అడగండి: బ్రాహ్మణుడు కూడా వస్తాడా అని.