పైథాన్ ప్రోగ్రాముకు చద్దిమూట

దూరప్రయాణమునకు బయలుదేరువారు చద్దిమూట కట్టుకొనిపోవుట మన పెద్దల అలవాటు. దారిలో పూటకూళ్లయిల్లు ఉండునో ఉండదో యను ముందుచూపే దానికి కారణము. కంప్యూటరు ప్రోగ్రామును ఒకచోట వ్రాసి వేరొకచోటికి పంపువారికిని ఈ చింత తప్పలేదు. పైథాన్ భాష చరిత్రలో ఈ మూటకట్టు విద్య ఎట్లు పెరిగినదో చెప్పదలచితిమి.

ఆంస్టర్‌డాములో గీడో వాన్ రాసమ్ 1989 డిసెంబరులో ఆరంభించిన ఈ భాష 1991లో లోకమునకు వెల్లడియైనది. పైథాన్ ప్రోగ్రామును చదివి నడిపించుటకు ఇంటర్‌ప్రెటరు కావలెను. అది లేని యంత్రమున ప్రోగ్రాము వట్టి వ్రాతయే.

ఈ కొరతకు తొలి ఉపాయములలో ఒకటి ఫ్రీజ్ అను సాధనము. అది ప్రోగ్రామును సి భాషలోనికి చేర్చి, ఇంటర్‌ప్రెటరుతో కలిపి ఒక్కటిగా కట్టెడిది. దానికి సి కంపైలరు కావలసియుండుటచే సామాన్యులకు అందలేదు. తరువాత థామస్ హెల్లర్ విండోస్ యంత్రములకై పైటుఎక్సీని నిర్మించెను. గోర్డన్ మెక్‌మిలన్ రచించిన ఇన్‌స్టాలరుకు వారసుగా పైఇన్‌స్టాలర్ వచ్చినది. ఇది విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికిని పనికివచ్చును. అయితే ఏ యంత్రమునకు కావలెనో ఆ జాతి యంత్రముపైననే మూట కట్టవలెను.

2005లో జాంగో, 2010లో ఫ్లాస్క్ వెలువడిన పిమ్మట పైథానుతో వెబ్ అప్లికేషన్ల నిర్మాణము సులభమైనది. ఇంటర్నెట్ లేని చిన్న దుకాణమునకో గ్రంథాలయమునకో అట్టి అప్లికేషనును ఒకే ఫైలుగా ఇచ్చినచో, సర్వరు ఆ యంత్రముననే నడచును, బ్రౌజరులో 127.0.0.1 అను చిరునామాకు పుట తెరచుకొనును.

చిక్కంతయు ఇచ్చటనే. పైఇన్‌స్టాలర్ ప్రోగ్రాములోని ఇంపోర్టు వాక్యములను పట్టుకొని పోయి, కావలసిన లైబ్రరీలను ఏరుకొనును. పుటల నమూనాలైన టెంప్లేట్లు, బొమ్మలు ఆ వాక్యములలో కనబడవు. వానిని విడిగా పేర్కొని చేర్పకున్నచో, వ్రాసినవాని యింట చక్కగా నడచినది పొరుగింట పుట చూపక నిలిచిపోవును. కట్టిన మూటను పైథాన్ లేని యంత్రముపై పరీక్షించినచో ఈ లోపము బయటపడును.

అంతకన్న పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. ఒకే ఫైలుగా కట్టిన మూట తెరచిన ప్రతిసారి ఒక తాత్కాలిక ఫోల్డరులో విప్పబడును. ప్రోగ్రాము ముగియగానే ఆ ఫోల్డరు తుడిచివేయబడును. లెక్కల డేటాబేసును అందులోనే ఉంచినచో, దుకాణదారుడు దినమంతయు వ్రాసిన పద్దులు ఆ సాయంకాలమే మాయమగును. కావున పద్దులను వాడుకరి సొంత ఫోల్డరులో, మూటకు వెలుపల భద్రపరుపవలెను.

వెంట కొనిపోవలసినదేదో, ఇంట నుంచవలసినదేదో ఎరిగి కట్టిన మూటయే గమ్యమున అక్కరకు వచ్చును.