ఉపాధ్యాయులకు ఏటా 50 గంటల శిక్షణ: నిష్ఠ, దీక్షా అంటే ఏమిటి?

ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్య శిక్షణ పొందాలని జాతీయ విద్యా విధానం-2020 నిర్దేశించింది. ఇందుకు తోడ్పడే ప్రధాన సాధనాలు ఇవి.

నిష్ఠ: కేంద్రం 2019 ఆగస్టు 21న ప్రారంభించిన శిక్షణ కార్యక్రమం. ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయుల్లో సుమారు 42 లక్షల మందికి శిక్షణనివ్వడం దీని తొలి లక్ష్యం. పాత విధానంలో శిక్షణ అంచెలంచెలుగా కిందికి చేరేసరికి విషయం పలచబడేది. అందుకే నిపుణుల బృందాలు ఉపాధ్యాయులకు నేరుగా బోధించే పద్ధతిని ఎంచుకున్నారు. కొవిడ్ కారణంగా 2020లో ఇది ఆన్‌లైన్‌కు మారింది. అనంతరం ఉన్నత పాఠశాలలకు, పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానాలకు విస్తరించింది.

దీక్షా: 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ఆవిష్కరించిన డిజిటల్ వేదిక. నిష్ఠ ఆన్‌లైన్ కోర్సులు ఇందులోనే లభిస్తాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. తెలుగు సహా పలు భారతీయ భాషల్లో సామగ్రి ఉంది.

జాదూయీ పిటారా: 3-8 ఏళ్ల పిల్లల బోధన కోసం 2023 ఫిబ్రవరి 20న విడుదలైన పెట్టె. ఇందులో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలు, పోస్టర్లు ఉంటాయి.

అసలు పరీక్ష తరగతి గదిలోనే: ధ్రువపత్రం కోర్సు పూర్తయిందని మాత్రమే చెబుతుంది, బోధన మారిందని కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో గురువు శిక్షణకు వెళితే ఆ రోజు పాఠం ఆగిపోతుంది. ఆన్‌లైన్ కోర్సుకైతే ఫోను, సిగ్నల్, తీరిక మూడూ కావాలి. పనివేళల్లోనే సమయం కేటాయించి, నేర్చుకున్నది బోధనలో ఎంతవరకు అమలవుతోందో పరిశీలించి తోడ్పడినప్పుడే 50 గంటల నిబంధనకు సార్థకత.